ఎలుక గుండె, గన్నేరు పప్పు, సుబ్బారావుగారి నీలిరంగు

బోస్టన్‌లో నేను చేరిన ప్రయోగశాలలో మొదటి ఏడాది నా పనంతా ఒకే ఎంజైము చుట్టూ తిరిగింది. గుండె కండర కణాల పొరలో ఉండి, మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెచ్చే సోడియం-పొటాషియం ఏటీపేజ్ మీద ఊబెయిన్ అనే మందు ఏ మోతాదులో ఎంత పనిచేస్తుందో కొలవడం నాకు అప్పగించిన పని. తూర్పు ఆఫ్రికాలో బాణాల మొనలకు పూసే విషంలో ఉండేది ఈ పదార్థమేనని ప్రొఫెసర్‌గారు చెబుతూ ఉంటే, నాకు మా ఊరి చెరువుగట్టు మీది పచ్చగన్నేరు చెట్లు గుర్తొచ్చాయి. గన్నేరు పప్పు తిని ఫలానావాళ్లు ఆసుపత్రి పాలయ్యారన్న మాట వినకుండా మా వైపు పల్లెల్లో ఎవరూ పెరగరు. ఆ పప్పులోని విషమూ, ఊబెయినూ, గుండెజబ్బుకు డాక్టర్లు రాసే డిజాక్సినూ ఒకే కుటుంబానికి చెందినవని, మూడూ పట్టుకునేది ఈ ఎంజైమునేనని నేను సముద్రాలు దాటి వచ్చాక గాని తెలుసుకోలేదు.

ఎంజైము ఆగితే కణంలో సోడియం పెరుగుతుంది. దానివల్ల కాల్షియం బయటికి పోయే దారి మందగించి, లోపల నిలిచిన కాల్షియంతో గుండె మరింత గట్టిగా ముడుచుకుంటుంది. కొద్ది మోతాదులో అది వైద్యం. మోతాదు మించితే లయ తప్పుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది.

ఎలుక గుండె గ్రాముకు అటూ ఇటూగా తూగుతుంది. దాన్ని చల్లని సెలైన్‌లో రక్తం పోయేదాకా కడిగి, మంచు మీద పెట్టి ముక్కలు చేసి, బఫర్‌లో (ఆమ్లత మారకుండా నిలిపే ద్రావణంలో) మెత్తగా నూరి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పొరల భాగాన్ని వేరుచేసేవాణ్ణి. ప్రతి నమూనాకూ రెండు గొట్టాలు: ఒకదాంట్లో ఊబెయిన్ ఉండదు, రెండోదాంట్లో ఉంటుంది. రెండింటికీ కణాలకు శక్తినిచ్చే పదార్థమైన ఏటీపీ కలిపి 37 డిగ్రీల నీళ్లలో ఉంచితే ఎంజైము దాన్ని విడగొట్టి ఫాస్ఫేటును వదులుతుంది. ఏటీపీని విడగొట్టే ఎంజైములు ఆ కషాయంలో ఇంకా ఉంటాయి కనుక, రెండు గొట్టాల తేడాయే మనకు కావలసిన ఎంజైము వాటా.

ఆ ఫాస్ఫేటును కొలిచే పద్ధతి పేరు ఫిస్క్-సుబ్బారో. అమోనియం మాలిబ్డేటు, దానికి ఎలక్ట్రాన్లిచ్చే క్షయకరణి కలిపితే ఫాస్ఫేటు ఉన్నంత మేరకు నీలిరంగు తేలుతుంది. భీమవరంలో 1895లో పుట్టి, 1923లో ఈ బోస్టన్‌కే వచ్చి, రాత్రిపూట ఆసుపత్రిలో పనిమనిషిగా గడుపుకుంటూ హార్వర్డ్‌లో చదివిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి అది. 1929లో కండరంలో ఏటీపీని కనిపెట్టినవారిలోనూ వారిద్దరూ ఉన్నారు. అంటే నా గొట్టంలో వేసే పదార్థం దగ్గరా, దాని ఫలితాన్ని చదివే రంగు దగ్గరా ఆయనే ఉన్నారు. తోటివారు ఆ పేరును సబ్బరో అని పలికినప్పుడల్లా దిద్దాలనిపించేది, కొత్తవాణ్ణి కాబట్టి ఊరుకునేవాణ్ణి.

మొదట్లో గుండె పొరలు వేయని పోలిక గొట్టాలు కూడా నీలంగా మారి కంగారుపెట్టాయి. గాజుసామాను తోమే సబ్బులోనే ఫాస్ఫేటు ఉందని ఒక టెక్నీషియన్ చెప్పడంతో ఆ గొడవ తీరింది. అసలు దెబ్బ తర్వాత తగిలింది. పది మైక్రోమోలార్ గాఢతలో ఊబెయిన్ వేసినా ఎలుక గుండె తాలూకు రెండు గొట్టాలూ దాదాపు ఒకే నీలంగా వచ్చాయి. పొరలు పాడయ్యాయనుకుని మూడు వారాలు మళ్లీ మళ్లీ చేశాను. ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించేది, వీసా దానికి ముడిపడినది. అందుచేత ఎవరినీ అడగలేదు. ఆ మౌనం వల్ల కొన్ని ఎలుకలు అనవసరంగా పోయాయన్నది నాకిప్పటికీ ముల్లులా ఉంటుంది.

తప్పు నా చేతిది కాదు, నేను చదవకపోవడానిది. ఎలుక గుండెలో ప్రధానంగా ఉండే ఎంజైము రూపం ఊబెయిన్‌కు సులభంగా లొంగదు. దాని గొలుసులోని రెండు అమైనో ఆమ్లాలు మారడమే కారణమని సిన్సినాటిలోని పరిశోధకులు 1988లోనే తేల్చారు. పైగా ఎలుకలో మందు ఎంజైమును పట్టుకున్నా త్వరగా వదిలేస్తుంది కనుక, జంతువుకు ఇంజెక్షన్ ఇచ్చి తర్వాత గుండె తీసి కడిగితే ప్రభావం కడుగులోనే పోవచ్చు. మోతాదు మిల్లీమోలార్‌కు, అంటే నూరు రెట్లు, పెంచాకగాని రెండో గొట్టం పాలిపోలేదు. గినీపంది గుండెతో చేసిన రోజున మాత్రం ఆ పది మైక్రోమోలార్‌కే తేడా కళ్లకు కనిపించింది: ఒక గొట్టం ముదురు నీలం, పక్కది వెలిసిన చొక్కా రంగు. మనిషి గుండె ఈ విషయంలో గినీపంది పక్షమే. ఎలుక మీద చేసిన పనిని మనిషికి అన్వయించే వ్యాసం చూస్తే ఆనాటి నుంచి నేను ముందు మోతాదు వెతుకుతాను.

ఆ ఆదివారం నాన్నగారితో ఫోనులో ఇదంతా చెబుతూ, డిజాక్సిన్ విషానికి విరుగుడుగా గొర్రెల రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాలు ఉన్నాయని, పచ్చగన్నేరు విషం మీద కూడా అవి పనిచేస్తాయని శ్రీలంకలో రుజువు చేశారని అన్నాను. "మన ఏరియా ఆసుపత్రిలో దొరుకుతుందట్రా?" అని అడిగారు. చాలా ఖరీదని చెప్పాను. "అయితే గట్టు మీది చెట్లు కొట్టించడమే చవక" అన్నారాయన.