నాలుగున్నర వేల ఏళ్ల నాటి ఇంటి నేల

కోనసీమలో పాత మట్టి చుట్టిల్లు పాడుబడితే ఏం మిగులుతుందో చూసినవాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. తాటాకు కప్పు పోయాక గోడ నాలుగు వానాకాలాలకే కరిగి దిబ్బవుతుంది. దాని కింద మిగిలేవి మూడే: కాలి ఎర్రబడ్డ పొయ్యిగడ్డ, అలికి అలికి గట్టిపడ్డ నేల, నిట్రాట పాతిన గుంట. ఇంగ్లండులో స్టోన్‌హెంజ్ అనే పాత రాతి వలయానికి ఈశాన్యంగా సుమారు 3 కిలోమీటర్ల దూరాన, డరింగ్టన్ వాల్స్ దగ్గర బయటపడ్డ ఊరు కూడా ఇలాంటి ఆనవాళ్లతోనే దొరికింది.

పురావస్తు శాస్త్రవేత్త మైక్ పార్కర్ పియర్సన్ బృందం 2003 నుంచి 2009 దాకా ఆ ప్రాంతంలో పనిచేసింది. ఇళ్ల సంగతి 2007 జనవరిలో ప్రకటించారు. అవి క్రీ.పూ. 2500 ప్రాంతానివి, అంటే స్టోన్‌హెంజ్‌లో పెద్ద రాళ్లు నిలబెట్టిన కాలానివి. ఇల్లు సుమారు 5 మీటర్ల చదరం. సుద్దమట్టి మెత్తిన నేల, నడుమ పొయ్యి, గోడల వారన సన్నటి గాళ్లు. మంచాల చెక్కలు నిలబెట్టిన చోట్లవి. ఒక ఇంట్లో పొయ్యి పక్కన నేల మీద రెండు చిన్న పల్లాలున్నాయి. రోజూ అక్కడే మోకాళ్లూని మంట చూసుకున్న మనిషివి. ఆ తవ్వకం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనవి ఆ రెండు పల్లాలే.

అంతకు ముందు, 1966-68లో రోడ్డు మళ్లించే పని కోసం అక్కడే పెద్ద తవ్వకం జరిగింది. మానులు పాతిన పెద్ద వలయాలు దొరికాయి, ఇళ్లు దొరకలేదు. అప్పుడు పైమట్టి యంత్రాలతో తీశారు. ఇంత పల్చటి నేల బకెట్టు పళ్ల కింద నిలవదు. తరవాత దొరికిన ఇళ్లలో కొన్ని నిలిచింది కూడా అదృష్టం వల్లే: ఊరు ఖాళీ అయ్యాక చుట్టూ లోతైన కందకం తవ్వి, ఆ మట్టిని ఇళ్ల మీదే కట్టగా పోశారు. దాంతో నాగలి వాటి జోలికి పోలేదు.

అలాంటి నేలను పట్టాలంటే చేత్తోనే పని. గునపం పక్కన పెట్టి తాపీ అంచుతో మట్టిని తనవైపు పల్చగా గీక్కుంటూ రావాలి. గుచ్చకూడదు, గుచ్చితే పొరలు కలిసిపోతాయి. ఎండెక్కితే రంగుల తేడా కనిపించదు, అందుకే పిచికారీతో తడి చేస్తూ చూడాలి. గుండ్రంగా నల్లటి మచ్చ కనబడగానే అది గుంజ గుంట అని రాసేసుకోవద్దు. సగం మాత్రమే తవ్వి, మిగతా సగాన్ని గోడలా నిలిపి చూడాలి. గుంజ గుంట నిటారుగా దిగి అడుగు తేలుతుంది. ఎలుక బొరియ, పీత బొరియ వంకర తిరిగి పక్కకి పోతాయి. వేరు సన్నబడుతూ చీలుతుంది.

నేలమట్టిని అర మీటరు గడులుగా విడదీసి, ఏ గడి మట్టి ఆ సంచిలో వెయ్యాలి. నీళ్లలో పోసి కలిపితే బొగ్గు, మాడిన గింజలు పైకి తేలతాయి. వాటిని సన్న జల్లెడ మీదికి వంపి నీడన ఆరబెట్టాలి, ఎండలో పెడితే బొగ్గు పగిలిపోతుంది. వయసు కట్టడానికి ప్రయోగశాలకు గింజో, కాయ పెంకో పంపాలి. దూలం బొగ్గు మోసం చేస్తుంది: వందేళ్ల చెట్టు నడి చేవ, ఇల్లు కట్టిన నాటికే వందేళ్ల పాతది.

ఎముకల్లో ఎక్కువ పందులవి. వసంతంలో పుట్టే పందుల్లో చాలా వాటిని తొమ్మిది నెలల వయసులో కోశారని దంతాలు చెప్పాయి. అంటే నడి శీతాకాలంలో విందులు జరిగాయన్నమాట.

మన డెల్టాలో ఇంత పాత నేలలు పైపైన వెతికితే దొరకవు. గోదావరి ఒండ్రు వాటిని లోతుకు కప్పేస్తుంది, సముద్రం వైపు పోయేకొద్దీ భూమే కొత్తది. ఎగువన జానంపేట వైపు రాక్షస గుళ్లున్నాయి, అంటే పెద్ద రాళ్లతో కట్టిన పాత సమాధులు. దక్షిణాదిలో అలాంటి సమాధుల్ని తవ్వినంతగా, వాటిని కట్టినవాళ్ల ఊళ్లను తవ్వలేదు. డెల్టాలో ఉన్నవి అంతకన్నా కొత్తవైన పాటిదిబ్బలు, అంటే పాత ఊళ్లు పాడై మిగిలిన దిబ్బలు. వాటికి ముప్పు రెండు వైపులా ఉంది: సారమని పాటిమన్ను పొలాలకు తోలేస్తారు, చేపల చెరువుకని ప్రొక్లెయిన్ దించుతారు.

చెరువు తవ్వేటప్పుడు పెంకులు, బూడిద పొర కనబడితే ఆ మూల పని ఆపండి. గట్టు మీంచి పొర లోతు టేపుతో కొలిచి, టేపు కనిపించేలా ఫోటో తియ్యండి. పెంకులు కడగొద్దు, లోపల అంటుకున్న మాడు కూడా పోతుంది. ఏ లోతువి ఆ సంచిలో వేసి, చీటీ మీద పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా తడికి అలికిపోతుంది. తరవాత తహసీల్దారుకు కబురు చెయ్యండి.