ఆర్నాల్డ్ సేన వెళ్ళిన దారిలో పడవ మోసుకుంటూ

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1775 సెప్టెంబరులో, అమెరికన్ సేనాధికారి బెనెడిక్ట్ ఆర్నాల్డ్, బ్రిటిష్ వారి చేతిలో ఉన్న కెనడాలోని క్విబెక్ నగరాన్ని పట్టుకోవడానికి దాదాపు 1,100 మందితో, అమెరికా ఈశాన్య మూలనున్న మెయిన్ అడవుల మీదుగా బయలుదేరాడు. చేతిలోని పటాన్ని నమ్మి 180 మైళ్ళ దారి అనుకున్నాడు; తీరా అది 350 మైళ్ళ వరకు సాగింది. బోస్టన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మేము ముగ్గురం, ఆ దారిలో కెన్నెబెక్ నదిని విడిచి డెడ్ రివర్‌ను అందుకొనే ‘గ్రేట్ క్యారీయింగ్ ప్లేస్’ అనే భాగాన్ని పడవతో సహా దాటాలని నిశ్చయించుకున్నాం.

సుమారు 13 మైళ్ళ ఈ దారిలో మూడు చెరువులు ఉన్నాయి. నీరున్న చోట తెడ్డు వేయాలి, లేనిచోట పడవను భుజాలకెత్తుకోవాలి. మా కెనూ, అంటే సన్నని తేలిక పడవ, ఇద్దరు మోయగలిగినది. ఆ సైనికులవి ఒక్కొక్కటి 180 కిలోల బరువున్న, పచ్చి కలపతో హడావుడిగా చేయించిన పడవలు. అతుకులు విడిపోయి నీరు చేరడంతో వారి రొట్టెలు, బఠాణీలు, ఉప్పుచేపలు దారిలోనే పాడైపోయాయి. అక్టోబరు వేటల కాలం కనుక మేము మాత్రం వేటగాళ్ళకు దూరం నుంచే కనిపించేలా నారింజరంగు చొక్కాలు తొడుక్కున్నాం.

మూడో చెరువు దాటాక వచ్చే ఊబినేల గురించి కొంత చెప్పాలి. దూరానికి అది పచ్చిక మైదానంలా కనబడుతుంది. ఆనాటి సైనికులూ తమ దినచర్యల్లో అలాగే రాసుకున్నారు. అడుగు వేస్తే నాచు కిందికి జారి కాలు మోకాలి దాకా దిగబడుతుంది, అడుగున కనబడని మోడులు పిక్కలను గీరుతాయి, భుజం మీద పడవ ఉండటం వల్ల ముందు నడిచేవాడు తన పాదాలను కూడా చూసుకోలేడు. బూటు బురదలోనే ఉండిపోయి కాలు ఒక్కటే పైకి వస్తే, పడవను దించి, మోచేతి దాకా చెయ్యిపెట్టి దాన్ని లాక్కోవలసి వచ్చింది.

ఆనాటి సేన ఈ ఊబి దాటాక డెడ్ రివర్ మీద వరద రావడంతో, ఆర్నాల్డ్ కింది అధికారి లెఫ్టినెంట్ కర్నల్ రోజర్ ఎనోస్ తన దళాన్ని తీసుకొని వెనుదిరిగాడు. పిరికివాడని అతనిపై నింద పడినా సైనిక న్యాయస్థానం నిర్దోషిగా తేల్చింది. ఆ బురద చూశాక నాకు ఆ తీర్పు న్యాయమనే అనిపించింది. మిగిలినవారు కుక్కలను, బూట్ల తోలును ఉడికించి తిన్నారు. ఆ నదిలో పెద్దభాగం ఇప్పుడు 1950లో కట్టిన ఆనకట్ట వల్ల ఏర్పడిన ఫ్లాగ్‌స్టాఫ్ సరస్సు కింద ఉంది కనుక, అక్కడ మేము నిలకడ నీటి మీద హాయిగా తెడ్డు వేశాం.

అమెరికా, కెనడాల సరిహద్దును అడవిలో నడిచి దాటడానికి వీల్లేదు. కోబర్న్ గోర్ తనిఖీ కేంద్రం మీదుగానే వెళ్ళాలి, అమెరికా గ్రీన్ కార్డు లేని భారత పాస్‌పోర్టుదారులు కెనడా వీసా ముందే తీసుకోవాలి. మా ప్రయాణంలో అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టినది ఆ వీసాకే. అక్కడి నుంచి కారులో మెగాంటిక్ సరస్సు, షోడియేర్ నది వెంబడి, క్విబెక్‌కు ఎదుటి ఒడ్డున ఉన్న లెవీ చేరాం. నవంబరు 9న ఆర్నాల్డ్ అక్కడికి చేరేసరికి అతని వెంట సుమారు 600 మందే మిగిలారు. డిసెంబరు 31న మంచుతుఫానులో వారు క్విబెక్ మీద చేసిన దాడి విఫలమైంది.