చెయ్యి పట్టుకుంటే పిల్ల రోడ్డు చూడదంట

"మీరు పాప చెయ్యి అంత గట్టిగా పట్టుకుని నడిపిస్తుంటే పాప రోడ్డుని చూడట్లేదు, మిమ్మల్ని చూస్తోంది." కిండర్‌గార్టెన్ టీచర్ ఈ మాట అన్న దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. ఆవిడేం కసురుకోలేదు, మామూలుగానే అంది, కానీ పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లులున్నారు, వాళ్ళ ముందు అనేసరికి చురుక్కుమంది.

మాది వైజాగ్, ఇసుకతోట. ఇప్పుడుండేది జర్మనీ, లైప్‌జిగ్‌లో నర్సుగా చేస్తున్నా. ఇసుకతోట తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఇల్లు ఇటుపక్క, బడి అటుపక్క, మధ్యలో హైవే. చిన్నప్పుడు దాన్ని ఎన్‌హెచ్ 5 అనేవాళ్ళం, ఇప్పుడు 16 అయింది, లారీలు మాత్రం అవే లారీలు. అమ్మ నన్ను దాటించేటప్పుడు వేళ్ళు పట్టుకునేది కాదు, మణికట్టు పట్టుకునేది, వేళ్ళయితే చెమటకి జారిపోతాయని. ఆ పట్టు నాకింకా గుర్తుంది. అలా పెరిగినదాన్ని పట్టుకుని పిల్ల చెయ్యి వదిలెయ్యి అంటే ఎలా వదులుతాను చెప్పండి?

ఇక్కడ ఒకటో క్లాసుకే చాలామంది పిల్లలు ఒంటరిగానో జట్టుగానో నడిచి బడికెళ్తారు. కార్లో తెచ్చి గేటు దగ్గర దింపొద్దని స్కూళ్ళే చెప్తాయి, ఆ కార్ల వల్లే మిగతా పిల్లలకి ప్రమాదం అని. అందుకని బడిలో చేరకముందు ఏడాదే నేర్పడం మొదలవుతుంది, పోలీసాయన యూనిఫాంలో కిండర్‌గార్టెన్‌కే వస్తాడు. మా పాప వాళ్ళకీ వచ్చాడు. పిల్లలకంటే ముందు మాకే చెప్పాడు, పార్క్ చేసిన కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని రోడ్డు చూడమన్నాడు. కూర్చున్నా. కారు తలుపు, దాని హ్యాండిల్, అంతే. అసలు రోడ్డే లేదు. నిలబడితే వీధి చివర ట్రాము దాకా కనిపించే చోట మా పాప కళ్ళకి కనిపించేది రేకు మాత్రమే అని అప్పుడే తెలిసింది.

తర్వాత పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే ఫుట్‌పాత్ అంచు దగ్గర నిలబెట్టాడు. రోడ్డు ఖాళీగా ఉన్నా సరే అంచు దగ్గర ఆగాలి, ప్రతిసారీ, ఆలోచించకుండా కాళ్ళే ఆగిపోవాలన్నమాట. ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ. ఆగి ఉన్న రెండు కార్ల మధ్య నుంచి దాటాల్సొస్తే ఆ కార్ల బయటి అంచు దాకా వచ్చి మళ్ళీ ఆగి తల బయటపెట్టి చూడాలి. సిగ్నల్‌లో గ్రీన్ బొమ్మ పడ్డా బళ్ళు ఆగాయో లేదో చూశాకే అడుగెయ్యాలి, మధ్యలో ఉండగా రెడ్ పడితే భయపడి వెనక్కి పరిగెత్తకూడదు, ముందుకే వెళ్ళిపోవాలి. డ్రైవర్ కళ్ళలోకి చూడాలి, అతను నిన్ను చూశాడని తెలిశాకే కదలాలి. బడి దారి ప్రాక్టీసు చేసేటప్పుడు పిల్ల ముందు, పెద్దవాళ్ళు వెనక, పిల్లే మనల్ని తీసుకెళ్ళాలి, ఏం చూసిందో పైకి చెప్తూ.

ఇంత నేర్పినా పిల్లల మీద భారమంతా వెయ్యరు, నాకు బాగా నచ్చింది అదే. పదేళ్ళలోపు పిల్లలకి బండి ఎంత స్పీడులో వస్తోందో, ఎంత దూరంలో ఉందో అంచనా వెయ్యడం రాదని ఇక్కడి చట్టమే ఒప్పుకుంటుంది, బండి యాక్సిడెంట్‌లో ఆ వయసు పిల్లలు కావాలని చేస్తే తప్ప నష్టపరిహారం బాధ్యత వాళ్ళ మీద పడదు. పిల్లలు కనిపిస్తే స్లో చెయ్యాల్సింది డ్రైవరే. రెడ్ లైట్ ఉండగా పెద్దవాళ్ళెవరైనా దాటితే ఫైన్ 5 యూరోలే, కానీ పక్కన పిల్లలుంటే ముక్కూమొహం తెలియని ముసలాయన కూడా ఆపి చీవాట్లు పెడతాడు. అది చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

మరి నా కోపం ఎందుకంటారా. క్రితం సెలవులకి వైజాగ్ వచ్చినప్పుడు ఆర్కే బీచ్ దగ్గర పాప జీబ్రా గీతల ముందు చక్కగా అంచు దగ్గర ఆగింది. ముందు ఎడమకి చూసింది. మన దగ్గర బళ్ళొచ్చేది కుడి నుంచి! నా గుండె ఝల్లుమంది. నేర్పిన పాఠాన్ని పొల్లు పోకుండా పాటిస్తోంది పిల్ల, ఆ పాఠమే దాన్ని బండి కిందకి తోసేలా ఉంది. తర్వాత ఒక బైక్ అబ్బాయి కళ్ళలోకి చూసింది, అతనూ చూశాడు, హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. "అమ్మా, ఆ అన్నయ్య నన్ను చూశాడు కదా, ఎందుకు ఆపలేదు?" అంది. చూశాను, నువ్వు ఆగు అనడానికే మన దగ్గర హారన్ కొడతారని దానికెలా తెలుస్తుంది.

మా అమ్మ ఊరుకోలేదు. "ఏటే, పిల్లని అలా నిలబెట్టేశావ్, ఎవడాగుతాడే మనకోసం, రండి రండి" అని దాని మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తి దిగిపోయింది. అమ్మ దాటే పద్ధతి ఒకటుంది, పరిగెత్తదు, మధ్యలో ఆగదు, ఒకటే నడక, బైకులు దానికి తగ్గట్టు ముందో వెనకో సర్దుకుని పోతాయి. ఆగితేనే గుద్దుతారు అంటుంది. మద్దిలపాలెం జంక్షన్లో జీవితమంతా అలాగే దాటింది. అది తెలివి తక్కువతనం అని ఎవరైనా అంటే నేనొప్పుకోను, ఆ టీచర్ వచ్చి దాటితే తెలుస్తుంది. చెయ్యి పట్టుకోవడం మా భయం వల్ల వచ్చింది కాదు, ఆ రోడ్డు వల్ల వచ్చింది. జీబ్రా దగ్గర మనిషుంటే బండి ఆపాలని మన దేశంలో 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లోనూ ఉంది, కానీ గీతలు అరిగిపోయిన చోట అది ఎవరికి గుర్తుంటుంది.

అయినా రాత్రి డ్యూటీలో పేషెంట్లు పడుకున్నాక ఆ టీచర్ మాటే మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. మన పిల్లలు నిజంగా ఎప్పుడు చూస్తారు రోడ్డుని? ఇంటి ముందు ఆటో ఎక్కిస్తాం, బడి ముందు ఆటో అంకుల్ దింపుతాడు, లేకపోతే స్కూల్ బస్సు, లేకపోతే తాతయ్య స్కూటర్. ఇంటర్‌లో చేరినప్పుడు మొదటిసారి ఒంటరిగా హైవే దాటతారు, చేతిలో ఫోను, చెవిలో ఇయర్‌ఫోన్స్. ఆ వయసులో అంచు దగ్గర కాళ్ళు వాటంతటవే ఆగవు, ఆ అలవాటు ఐదారేళ్ళకే పడాలి. ఇక్కడ నాకు ఆటో అంకుల్ లేడు, అమ్మ లేదు, ఆరింటికి డ్యూటీ ఎక్కితే ఆయనకి షిఫ్ట్ కుదరని రోజు పాప నడిచే వెళ్ళాలి, కాబట్టి నేర్పక తప్పదు. అక్కడ తప్పించుకోవచ్చు కాబట్టి వాయిదా వేస్తున్నాం, అంతేననిపిస్తోంది.

అందుకే పాపకి ఇప్పుడు రెండు ఊళ్ళకీ పనికొచ్చేలా చెప్తున్నా: ముందు బళ్ళు ఎటునుంచి వస్తున్నాయో చూడు, అటే మొదట చూడు. వైజాగ్‌లో అయితే చెయ్యి పట్టుకునే ఉంటా, కానీ ఎప్పుడు దిగాలో నువ్వు చెప్పాలి, నువ్వు చెప్పాకే నేను అడుగేస్తా. డిసెంబర్లో వచ్చినప్పుడు మా అప్ప (అక్క) కొడుకుని కూడా తీసుకెళ్తానన్నా, ఐదో క్లాసు వాడు, ఇంతవరకూ ఒక్కసారీ ఒంటరిగా రోడ్డు దాటలేదు. పొద్దున్నే బీచ్ రోడ్డులో వాకర్స్ కోసం బళ్ళు ఆపేస్తారు కదా, ముందు అప్పుడు అంచు దగ్గర ఆగడం అలవాటు చేసి, బళ్ళు వదిలాక అసలు రోడ్డు మీద చూపిద్దామని. అప్ప వద్దంది మొదట, నీ జర్మనీ వేషాలు మావాడి మీదెందుకే అంది. తర్వాత తనే ఫోన్ చేసి, ఆదివారమైతే సరే, నేనూ వస్తా అంది.