ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్

నాకు వెన్నులో టీబీ వచ్చి తగ్గిందని తెలిసినవాళ్ళంతా ముందు అడిగేది "ఆపరేషన్ ఎవరు చేశారు?" అని. చెప్తాను. ఆయన చెయ్యి చల్లనిది, రెండు చేతులా దండం పెడతాను. కానీ ఆ ఆపరేషన్ వేళకు జరిగిందంటే కారణం ఆ రాత్రి వార్డులో ఉన్న సిస్టర్. ఆమె గురించి ఎవరూ అడగరు. పోయిన నెలతో మందులు పూర్తయ్యాయి. భయం కాస్త తగ్గింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మాది మిర్యాలగూడ. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. వీపు మధ్యలో నొప్పి మొదలైతే మిషన్ మీద కూర్చోవడం వల్లేనన్నారు అందరూ. మా వీధిలో వైద్యం చేసే ఆయన వెళ్ళినప్పుడల్లా నొప్పి ఇంజెక్షన్ ఇచ్చేవాడు. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది, రాత్రిళ్ళు చెమటలు పట్టేవి, నా జాకెట్లు నాకే వదులయ్యాయి. ఇవన్నీ చెప్పినా నీరసమని టానిక్ రాశాడు. పడుకున్నా తగ్గని వెన్నునొప్పి, దానికి తోడు జ్వరం ఉంటే ఒక్క ఎక్స్‌రే తీయించమని ఎందుకు అనలేదో! నెలలు గడిచాక హైదరాబాద్‌లో ఎంఆర్‌ఐ తీస్తే వీపు భాగంలో తొమ్మిదో పూస, పదో పూస దెబ్బతిని, పక్కన చీము పట్టి ఉంది. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. టీబీయే.

ఫైలు మీద 'పాట్స్ స్పైన్' అని రాశారు. పెర్సివాల్ పాట్ అనే ఇంగ్లండ్ సర్జన్ 1779లోనే ఈ జబ్బుతో వెన్ను వంగిపోయి కాళ్ళు పడిపోవడం గురించి రాశాడట. ఎముకలకు, కీళ్ళకు వచ్చే టీబీలో దాదాపు సగం వెన్నుకే వస్తుందట. ఇంత పాత జబ్బును, ఇంతమందికి వచ్చే జబ్బును నెలల తరబడి ఇంజెక్షన్లతో కప్పిపెట్టినందుకు ఆ మనిషి మీద నా కోపం ఇప్పటికీ పోలేదు.

ఆస్పత్రిలో చేర్చుకుని, మందులు మొదలుపెట్టి, లేచి కూర్చోవద్దన్నారు. ఆ వారంలోనే వచ్చిందా రాత్రి.

నైట్ డ్యూటీకి వచ్చిన సిస్టర్ ఒక్కో మంచం దగ్గరా ఆగి చూసుకుంటూ వస్తోంది. నా దగ్గరికొచ్చి దుప్పటి తీసి, "పాదాలు పైకెత్తమ్మా, ఇప్పుడు నా చేతిని కిందికి నొక్కు" అంది. తర్వాత బొటనవేలు కదపమంది. కదిపాను. ఆమె నా వేలి వంకే చూస్తూ "కదుపమ్మా" అంది మళ్ళీ. "కదుపుతూనే ఉన్నాను కదా సిస్టర్" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. తల కాస్త ఎత్తి చూస్తే నా వేలు కదలడం లేదు. ఆ క్షణం గుర్తొస్తే ఇవాళ్టికీ కాళ్ళు ముడుచుకుని చూసుకుంటాను.

దూది ముక్కతో పాదం నుంచి పైకి రాస్తూ, తెలిసిన చోట చెప్పమంది. మోకాలు దాటాక తెలిసింది. అక్కడ పెన్నుతో గీత గీసి టైము రాసింది. "మూత్రం ఎప్పుడొచ్చిందమ్మా?" అని అడిగింది. పొద్దుటి నుంచి ఆ మాట అడిగినవాళ్ళు లేరు. మధ్యాహ్నం నుంచి రాలేదు, రావాలనీ అనిపించలేదు. పొత్తికడుపు నొక్కి చూసింది, గట్టిగా ఉంది. పైపు వేస్తే సంచి నిండిపోయింది. గంట తర్వాత మళ్ళీ దూదితో వచ్చింది. ఈసారి గీత తొడ పైదాకా పోయింది. ఆ తర్వాత బొడ్డు కిందికి.

డ్యూటీ డాక్టర్‌ని పిలిపించింది. కుర్రాడు, నిద్రమొహంతో వచ్చాడు. నా కాలు ముట్టుకోలేదు. "ఆడవాళ్ళకి రాత్రయితే ఇంతే సిస్టర్, టెన్షన్. ఒక నిద్రమాత్ర వెయ్యండి, పొద్దున రౌండ్స్‌లో చూద్దాం" అన్నాడు. నేను వింటున్నానని ఆయనకు తెలుసు. మా అమ్మ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. నా కాళ్ళు చచ్చుబడుతుంటే దానికి నిద్రమాత్ర!

సిస్టర్ గొంతు పెంచలేదు. "సార్, మీరు ఒక్కసారి కాళ్ళు చూసి కేస్ షీట్‌లో రాయండి. చూడకుండా నేను మాత్ర ఇవ్వను" అంది. ఆయన విసుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆమె పెద్ద డాక్టర్‌కే నేరుగా ఫోన్ చేసింది. గీతలు, టైములు చదివి వినిపించింది. అర్ధరాత్రి మళ్ళీ ఎంఆర్‌ఐ, తెల్లవారుజామున థియేటర్. చీము తీసి, నరం మీద ఒత్తిడి తగ్గించి, రాడ్లు, స్క్రూలు బిగించారు. కాస్త ఆలస్యమైనా కాళ్ళ మీద ఆశ వదులుకోవలసి వచ్చేదని ఆ సర్జనే అన్నారు.

ఆపరేషన్ తర్వాత నన్ను నిలబెట్టింది కూడా సిస్టర్లే. వెన్ను మెలిక పడకుండా పక్కకు తిప్పాలంటే ముగ్గురు నలుగురు కావాలి. తల దగ్గర ఉన్నవాళ్ళు లెక్కపెడితే అందరూ ఒకేసారి దొర్లించాలి. మోకాళ్ళ మధ్య దిండు, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద ఇంకో దిండు. రెండు గంటలకోసారి ఇదే. తిప్పిన ప్రతిసారీ నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమోనని టార్చి వేసి చూసేవాళ్ళు. నాకు ఒక్క పుండు కూడా పడలేదు. అమ్మకు కూడా దగ్గరుండి నేర్పారు. ఓ మధ్యాహ్నం మాత్రం ఇద్దరు వార్డుబాయ్‌లు సిస్టర్‌కి చెప్పకుండా భుజాలు పట్టి గుంజారు. ప్రాణం పోయిందనుకున్నాను. బెడ్‌ప్యాన్ పెట్టమంటే డబ్బులకు చెయ్యి చాపే ఆయమ్మలు వేరే. కదల్లేని మనిషి దగ్గర ఆ డబ్బులు ఎలా తీసుకోబుద్ధి అవుతుందో!

మా ఆడపడుచు చూడటానికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, "టీబీ కదా, పిల్లల్ని రానివ్వకండి, కంచం గ్లాసు వేరు పెట్టండి" అంది. మందు వేయడానికొచ్చిన సిస్టరే జవాబు చెప్పింది. "ఛాతీ ఎక్స్‌రే, గళ్ళ పరీక్ష చేశాం, ఊపిరితిత్తుల్లో లేదు. వెన్నులో ఉన్నది పక్కన కూర్చుంటే అంటుకోదు. దగ్గరికొచ్చి మాట్లాడండమ్మా." మా వదిన వచ్చి కూర్చుంది. ఎంతసేపని కాదు, కూర్చుంది.

ఇంటికొచ్చాక బెల్టు, వాకర్, ఫిజియోథెరపీ, మాత్రలు. మందులకు మూత్రం ఎర్రగా వస్తుందని, భయపడవద్దని ముందే చెప్పి పంపారు కాబట్టి అమ్మ కంగారుపడలేదు. ఆ మందులతో రంగులు సరిగ్గా కనబడుతున్నాయా అని కళ్ళు చూపించుకోమన్నారు, దారాల రంగులతో నా పని కదా, రోజూ నేనే చూసుకునేదాన్ని. వెన్ను టీబీకి ఆరు నెలల మందులు సరిపోవు, ఏడాది, కొందరికి ఏడాదిన్నర. నొప్పి తగ్గిందని మధ్యలో ఆపేవాళ్ళకు చేతులెత్తి మొక్కి చెప్తున్నాను, ఆపకండి. మాత్రలు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. తిండికి నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. మీ పేరు నిక్షయ్‌లో, అంటే టీబీ ఉన్నవాళ్ళ పేర్లు ఎక్కించే ప్రభుత్వ రికార్డులో, ఎక్కిందో లేదో, బ్యాంకు ఖాతా కలిపారో లేదో ఆశా కార్యకర్తను అడగండి.

అమ్మ వాడపల్లి నరసింహస్వామికి మొక్కుకుంది. మొన్న వెళ్ళి తీర్చుకున్నాం, మెట్లు నేనే ఎక్కాను. ఆ స్వామే ఆ రాత్రి ఆ సిస్టర్‌కి డ్యూటీ వేయించాడని అమ్మ అంటుంది. నేనూ నమ్ముతాను. కానీ నా డిశ్చార్జి కాగితంలో సర్జన్ పేరుంది, మత్తు డాక్టర్ పేరుంది, ఆమె పేరు లేదు. దాని మీద ఆస్పత్రికి ఉత్తరం రాశాను. ఆ నిద్రమాత్ర మాట కూడా అందులో రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాస్తాను.

ఇంట్లో ఎవరికైనా వెన్ను జబ్బు ఉంటే రోజూ వాళ్ళ కాలివేళ్ళు కదిపించి చూడండి. కాళ్ళు తిమ్మిరెక్కి బరువైనా, నడకలో తూలినా, మూత్రం బిగిసినా, తెలియకుండా పోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. తెల్లారేదాకా ఆగమని ఎవరు చెప్పినా వినకండి.