బోర్ ఒకటే, పిస్టన్ వేరు

నా మోరిస్ మైనర్ (పాత బ్రిటిష్ కారు) 1960 నాటిది. కాగితాల్లో 948 సీసీ అని ఉంది. పొగ వదులుతోంది, ఆయిల్ తాగుతోంది. ఇంజిన్ దించాక నేను చేసిన మొదటి పని ఆ కాగితం చూసి పిస్టన్ రింగులు తెప్పించడం. హెడ్ (సిలిండర్ల పైమూత) ఇంకా విప్పనేలేదు, చూడండి నా తెలివి.

రింగులొచ్చాక హెడ్ విప్పి, ఒకదాన్ని సిలిండర్లో కూర్చోబెట్టాను. రెండు కొసల మధ్య సందు ఐదు మిల్లీమీటర్లు దాటింది. ఉండాల్సింది మిల్లీమీటరులో మూడో వంతు కూడా కాదు. రింగులు తప్పుగా పంపారేమోనని అమ్మినవాళ్ల మీద కాసేపు మండిపడ్డాను. తర్వాత వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) పెట్టి కొలిస్తే బోర్, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 64.6 మిల్లీమీటర్లు వచ్చింది. 948 ఇంజిన్‌కి అది 62.9 ఉండాలి.

అయినా అనుమానమే. పాత 948ని ఎవరైనా బాగా ఓవర్‌సైజుకి బోర్ చేయించి ఉంటే అదీ 64 దాటుతుంది. బోర్ అరిగిపోయేది, మార్చగలిగేది. దాన్ని ఒక్కదాన్నే నమ్మలేం. స్ట్రోక్, అంటే పిస్టన్ కిందికీ పైకీ కదిలే దూరం, అలా మారదు, అది పిస్టన్లని కదిలించే క్రాంక్‌లోనే ఉంటుంది. పిస్టన్‌ని అడుగు నుంచి పైదాకా తిప్పి కొలిస్తే 83.7 వచ్చింది. 948 అయితే 76.2 రావాలి. అంటే ఇది 1098. మైనర్‌కి ఆ ఇంజిన్ 1962లో వచ్చింది. నా కంటే ముందు కారు నడిపిన ఎవరో మార్చేశారన్నమాట. బ్లాకు మీద, డైనమోకి పైన ఉండాల్సిన ఇంజిన్ నంబరు ప్లేటు కూడా లేదు. రెండు రివిట్ రంధ్రాలు మాత్రం మిగిలాయి.

సరే, 1098 అని తేలింది. పిస్టన్లు కూడా అరిగిపోయాయి. నాకు కావాల్సిన సైజు ఎక్కడా దొరకలేదు. అప్పుడు పట్టికల్లో కనిపించింది: మినీ 998 బోర్ కూడా 64.58, సరిగ్గా 1098దే! రెండూ బీఎంసీ కంపెనీ ఏ-సిరీస్ ఇంజిన్ల కుటుంబమే. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ పొడవు కూడా రెండింటికీ ఒకటే, 5.75 అంగుళాలు. ఇంక ఆలోచించేదేముంది? నాలుగు పిస్టన్లు తెప్పించి, విజయగర్వంతో లేత్ పని చేసే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను.

ఆయన పాతదీ కొత్తదీ పక్కపక్కన నిలబెట్టి, కళ్లద్దాలు పైకి తోసి అడిగారు: "బోర్ చూశావు సరే, పిన్ను ఎక్కడుందో చూశావా బాబూ?"

చూడలేదు. పిస్టన్‌ని రాడ్‌కి కలిపే పిన్ను మధ్య నుంచి పిస్టన్ తల దాకా ఉన్న ఎత్తు కొత్తవాటిలో ఎక్కువ. 998 స్ట్రోక్ 76.2, 1098ది 83.72. రాడ్ పొడవు పెరగనప్పుడు స్ట్రోక్‌లో పెరిగిన దానిలో సగం, అంటే 3.76 మిల్లీమీటర్లు, పిస్టన్ తలలో తగ్గించాలి. 998 పిస్టన్ వేస్తే అంతమేర బ్లాకు దాటి పైకొచ్చి హెడ్‌ని గుద్దుతుంది. సిలిండర్లోకి మాత్రం హాయిగా దిగుతుంది! అసలు మోసమంతా అక్కడే ఉంది. దిగనే దిగని పార్టు వల్ల నష్టం ఏమీ లేదు, వెనక్కి పంపేస్తాం. దిగి కూర్చునే తప్పుడు పార్టే కొంప ముంచేది.

బోల్టు మరల సంగతీ ఇంతే. పావు అంగుళం విట్‌వర్త్ (పాత బ్రిటిష్ కొలత) బోల్టుకీ, పావు అంగుళం యూఎన్‌సీ (అమెరికన్ కొలత) బోల్టుకీ అంగుళానికి 20 మరలే. కానీ ఒకదాని మర కోణం 55 డిగ్రీలు, ఇంకోదానిది 60. చేత్తో తిప్పితే రెండూ ఎక్కుతాయి, పానాతో బిగించాక తెలుస్తుంది బాధ. ఇంతకంటే విచిత్రం మొదటి మైనర్లలో ఉండే 918 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజిన్. దాని మరలు మెట్రిక్, బోల్టు తలలు మాత్రం విట్‌వర్త్ కొలత. 1923లో మోరిస్ కొన్న కోవెంట్రీలోని హాచ్‌కిస్ ఫ్యాక్టరీ ఫ్రెంచి కంపెనీది, అక్కడి మెషిన్లన్నీ మెట్రిక్ మరలే కోసేవి. మెకానిక్‌ల దగ్గరున్న పానాలేమో విట్‌వర్త్‌వి. అందుకని మర అలాగే ఉంచి, తల మార్చారు. అలాంటి ఇంజిన్ ఉన్నవాళ్లు ఒక్క బోల్టు కూడా పోగొట్టుకోకండి.

ఆయిల్ పంపు కొనేటప్పుడు, దాన్ని తిప్పే క్యామ్ షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే ఇరుసు) వెనక కొస చూసుకోండి. ఏ-సిరీస్‌లో పంపు తిప్పే పద్ధతులు మూడు: పిన్ను, నక్షత్రం ఆకారం ముక్క, గాటు. క్యామ్ ఏదైతే పంపూ అదే కావాలి.

బాల్ బేరింగులతో మాత్రం ఈ టెన్షన్ లేదు. పాతదాన్ని తుడిస్తే కనిపించే నంబరు ఏ కంపెనీ అయినా ఒకటే. 6203 అంటే లోపల 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు. అది కారు కోసం చేసిందా, ఇంకేదైనా మోటారు కోసం చేసిందా అన్నది దానికి అనవసరం. ఆయిల్ సీల్ కూడా దాదాపు అంతే, మూడు కొలతలు చెబితే చాలు. కాకపోతే పెదవి (షాఫ్ట్‌ని ఆనుకునే అంచు) ఎటు తిరిగి ఉందో, రబ్బరు వేడికి తట్టుకుంటుందో లేదో చూసుకోవాలి.

చివరికి 1098 పిస్టన్లు ఇరవై థౌ (అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై) ఓవర్‌సైజులో దొరికాయి. కొలతలన్నీ ముందే రాసి పంపి, అవతలివాళ్ల చేత పిన్ను ఎత్తు కొలిపించాకే తెప్పించుకున్నాను. వాటికి తగ్గట్టు బోర్ చేసి పెట్టింది ఆ పెద్దాయనే. నా దగ్గర మిగిలిన 998 పిస్టన్లని మినీ ఉన్న ఒకాయన తీసుకుని, బదులుగా రాకర్ షాఫ్ట్ (హెడ్ మీద వాల్వుల్ని నొక్కే భాగం) సెట్ ఇచ్చారు. వెర్నియర్ చేత్తో పట్టుకుని అరగంట దాని చుట్టూ తిరిగాను. అది మాత్రం ఏ పేచీ లేకుండా నా హెడ్ మీద కూర్చుంది.