బేరమాడేవాళ్ళే నయం

విజయవాడ నుంచి కొండపల్లి బొమ్మల కాలనీ ఎంతో దూరం కాదు. మా మేనత్త కొట్టు అక్కడే. ఆదివారాలు, దసరా సెలవుల్లో నేనూ వెళ్ళి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాను. ఖిల్లా చూసి దిగినవాళ్ళు, దుర్గమ్మ దర్శనం చేసుకుని ఇటు తిరిగినవాళ్ళు కారు ఆపుతారు. తలుపు తీయకముందే అత్త తేల్చేస్తుంది: "వీళ్ళు కొనరే, ఫొటోలకొచ్చారు." చాలాసార్లు తప్పుతుంది. అయినా మానదు.

వచ్చేవాళ్ళూ మా గురించి ఏదో అనుకునే వస్తారు. ముసలాయనెవరో చెట్టుకింద కూర్చుని చెక్కుతుండాలి. మామయ్యేమో టీషర్టేసుకుని, ఫోన్లో పాటలు పెట్టుకుని ఏనుగు అంబారీకి ఎనామిల్ రంగు వేస్తుంటాడు. మొహాలు మాడ్చుకుంటారు. "సహజ రంగులు కావా?" అవీ చేస్తాం, ధర ఎక్కువ అనగానే ఇంకో ప్రశ్న: మీరు తరతరాలుగా ఇక్కడివాళ్ళేనా? మా పెద్దలు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు మావాళ్ళు. ఆ లెక్కన మేమూ వలసొచ్చినవాళ్ళమే!

ఇవన్నీ నవ్వుకునేవే. జాలి మాత్రం భరించలేం. మొన్నొకావిడ "అయ్యో, ఇంత కష్టానికి ఇంతేనా" అంటూ అత్త చేతిలో 500 కాగితం పెట్టి, బొమ్మ తీసుకోకుండానే కారెక్కేసింది. "నేనేమన్నా చెయ్యి చాపానా?" అని అత్త సాయంత్రం దాకా గొణుగుతూనే ఉంది.

అదే వారం గుంటూరు నుంచి ఓ మామ్మగారు దిగారు. తాడిచెట్టు బొమ్మ తీసి తిరగేశారు. కల్లు గీసేవాడి చెయ్యి అతికించినచోట గోటితో గీకి చూశారు. కాళ్ళూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తాం. తడి ఆరకముందే రంగేస్తే అక్కడే పగులు తేలుతుంది. "సరిగా ఆరనివ్వలేదమ్మాయ్, తగ్గించు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అత్త మాత్రం స్టూలు లాగి కూర్చోబెట్టి, మామయ్యని పిలిచి నాలుగు చీవాట్లు పెట్టింది.

ఆవిడ అసలు పని వేరు. అత్తగారి నుంచి వచ్చిన దశావతారాల్లో వామనుడొక్కడే పోయాడట, విడిగా కావాలట. "సెట్టు విడగొట్టం అండీ." "విడగొట్టమన్నానా? చేసివ్వమన్నాను." ఎత్తెంత, గొడుగు ఏ చేతిలో, మిగతా తొమ్మిదింటి రంగు ఎంత వెలిసింది, ఇలా గంటసేపు. చివరికి అత్త చెప్పినదాంట్లో మూడోవంతు కోసి, సంక్రాంతి కొలువుకి అందాలని షరతు పెట్టి లేచారు. అడ్వాన్సు ఇవ్వలేదు. అత్త అడగనూ లేదు.