బాపుతోని తాడోబా, మూడు రోజుల ట్రిప్‌కి రెండు నెలల ప్లానింగ్ (నా అనుభవం)

మా బాపు పాతికేండ్ల పైన ప్రతి ఎండకాలం తాడ్వాయి, ఏటూరునాగారం దిక్కు తునికాకు (బీడీ ఆకు) కల్లాల కాడ కల్లేదారుగ, అంటే ఆకు కట్టలు లెక్కజూసి తీసుకునే పని చేసిండు. పులి అడుగులు చూసిండు, పులి కొట్టిన ఎద్దును చూసిండు, రాత్రిపూట అరుపు విని కల్లం కాడ మంట పెద్దగ చేసుకొని కూసున్న ముచ్చట్లు మాకు చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పిండో లెక్కలేదు, కానీ పులిని మాత్రం కండ్లతోని చూడలె. ఇప్పుడు ఆయనకు 68 ఏండ్లు, బీపీ ఉన్నది, మోకాళ్ళు నొస్తయ్. ఈ ఎండకాలం ఎట్లనన్న పులిని చూపెట్టనీకి తీస్కపోవాలె అని నేను మార్చిల్నే గట్టిగ అనుకున్న.

ముందుగాల కవ్వాల్ అనుకున్నం. మాది హన్మకొండ కాబట్టి జన్నారం కార్లనే పోయి రావచ్చు, 2012లనే టైగర్ రిజర్వ్ చేసిన్రు, అడవి కూడ మస్తు ఉంటది. కానీ అక్కడ పులి కనబడుడు చాలా అరుదు, కాగజ్‌నగర్ అడవుల మీదుగ మన దిక్కు వచ్చే పులులే ఎక్కువగ తాడోబా నుంచి వస్తయ్. మరి అవి బయలుదేరే జాగకే పోతే అయిపాయె కదా అని మా ఆయన అన్నడు. తాడోబా మహారాష్ట్రల చంద్రపూర్ జిల్లా, కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు 235 కిలోమీటర్ల దాకా ఉంటది, పొద్దున తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పగటీలికి దిగొచ్చు. నాగ్‌పూర్ పోయి తిరిగి రావాల్సిన పని లేదు, ఇది మన దిక్కు చాలామందికి తెల్వదు.

ఎండకాలమే ఎందుకంటే ఆకు రాలిపోతది, గడ్డి ఎండిపోతది, దూరం దాకా కనబడతది, వాగులు ఎండితే జంతువులన్నీ నీళ్ళ కుంటల కాడికి రాక తప్పదు. జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా వానలకు కోర్ ఏరియా (అడవి నడిమి భాగం) మూసేస్తరు, పిల్లలకు బడి సెలవులు మేల ఉంటయ్, అట్ల మే ఫిక్స్ అయింది. కానీ చంద్రపూర్ మేలంటే మామూలు ఎండ కాదు, 45 డిగ్రీలు దాటుతది. మన రామగుండం ఎండ చూసినోళ్ళకు అర్థమైతది. అందుకే నేను ప్లాన్ అంతా ముందు బాపు ఒంటికి సరిపోయేటట్టు చేసిన, పులి తర్వాత.

మొదటి తప్పు రోజుల కాడ చేసినం. శని ఆదివారం చూస్తే సఫారి స్లాట్లు లేవు, పైగా ఆ రోజులు రేటు ఎక్కువ. సరే ఆదివారం బయలుదేరి, సోమవారం పొద్దున ఒక సఫారి, మంగళవారం ఇంకొకటి అని మా ఆయన ఆఫీసుల లీవ్ కూడ పెట్టిండు, తీరా బుకింగ్ చేద్దామని కూసుంటే మంగళవారం కోర్ బంద్ అని కనబడ్డది. ప్రతి మంగళవారం బందే అంట. లీవ్ మళ్ళ మార్చుకొని బుధవారం పోవుడు, గురువారం మొత్తం అడవి, శుక్రవారం సాయంత్రం రైలుకు వాపస్ అని పెట్టుకున్నం. మీరు పోయేటట్టుంటే క్యాలెండర్ ముందల పెట్టుకొని మంగళవారం కొట్టేసినంకనే మిగతది చూడుండ్రి.

రెండోది గేటు సంగతి, ఇది జర వివరంగ చెప్త ఎందుకంటే నేను ఇక్కడనే ఎక్కువ సతమతమైన. తాడోబాకు ఒకటే గేటు ఉండదు, కోర్‌కు మొహర్లి, కోలారా, నవేగావ్, జరి, పాంగ్డి, ఖుట్వండా ఇట్ల వేర్వేరు దిక్కుల ఉంటయ్, బఫర్ (కోర్ చుట్టు ఉండే అడవి) గేట్లు అవి వేరే. మొహర్లిల మేము అనుకున్న రోజు పొద్దున స్లాటు కనబడలె, కోలారాల ఒకటి కనబడంగనే నేను ఎగిరి గంతేసి పేర్లు కొట్టుడు మొదలు పెట్టిన, అప్పటికే మొహర్లి కాడ రూం మాట్లాడి అడ్వాన్స్ ఇచ్చినం. డబ్బులు కట్టేముందు ఎందుకో అనుమానమొచ్చి మ్యాప్ చూస్తే కోలారా చిమూర్ దిక్కు, అంటే నాగ్‌పూర్‌కు దగ్గర పడేది, మొహర్లి చంద్రపూర్ దిక్కు 30 కిలోమీటర్ల దగ్గర. అడవి మధ్యల నుంచి మన బండిల అడ్డంగ పోనియ్యరు, బయట నుంచి చుట్టు తిరిగి పోవాలె, పొద్దున అయిదున్నరకు గేటు కాడ ఉండాలంటే బాపును రాత్రి రెండింటికి లేపాలె. ఆపేసిన. తర్వాత వారం రోజులు పొద్దున లేవంగనే ఒకసారి, రాత్రి పిల్లగాడు పన్నంక ఒకసారి చూసుకుంట ఉంటే, ఎవరో క్యాన్సిల్ చేసుకున్నరేమో, మొహర్లిల గురువారం పొద్దున ఒక జిప్సీ (సఫారికి తిప్పే పైకప్పు లేని జీపు) దొరికింది. అప్పుడు నాకైన సంతోషం చెప్పలేను, వంటింట్ల నుంచే బాపుకు ఫోన్ చేసిన. సాయంత్రానికి అగర్‌జరి బఫర్ గేటు తీసుకున్నం, అది మొహర్లికి దగ్గర్నే. ముందు గేటు, తర్వాత రూం, ఆ తర్వాత రైలు, ఈ వరుసల చేస్తే ఈ తిప్పలుండవు.

జిప్సీల ఆరుగురు దాకా కూసోవచ్చు, డ్రైవర్, గైడ్ వేరే. మేము నలుగురమే అయినా మొత్తం బండి తీసుకున్నం, బాపు కాళ్ళు జాపుకోవాలె గదా.

ఇగ కార్డుల సంగతి. బుకింగ్‌ల ఎవరి ఐడీ నంబర్ కొడితే గేటు కాడ ఆ ఒరిజినల్ కార్డే అడుగుతరు. నేను బాపుది ఓటరు కార్డు నంబర్ కొట్టిన, ఆయన సంచిల ఆధార్ పెట్టుకొని వచ్చిండు. మంగళవారం రాత్రి ప్రింట్ పక్కకు కార్డులు పెట్టి ఒక్కొక్కటి సరిచూస్తుంటే దొరికింది, ఓటరు కార్డు ఊర్ల ఇనుప పెట్టెల ఉన్నదంట. మా ఆయన ఒక్క మాట అనకుండ ఆ రాత్రే బండి మీద నర్సంపేట దాటి ఊరికి పోయి కార్డు తెచ్చిండు, ఒంటిగంటకు ఇంటికొచ్చి మళ్ళ అయిదింటికి లేచిండు.

ప్రయాణం బాగనే అయింది. సద్ది కట్టుకున్నం, పులిహోర, పెరుగన్నం, ఒక పెద్ద సీసల సల్ల, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, నలుగురికి నాలుగు నూలు తువ్వాళ్ళు. బల్లార్షాల దిగినంక ఆటో ఆయన మాతోని తెలుగులనే మాట్లాడిండు, బొగ్గు గనుల పనికి మనోళ్ళు ఎప్పుడో పోయి అక్కడ స్థిరపడ్డరు, బాపుకు ప్రాణం లేచొచ్చింది. రూం కాడ మాత్రం బాధైంది. ఏసీ అని చెప్పి డబ్బులు తీసుకున్నరు, కరెంట్ పోతే జనరేటర్ లేదు, మధ్యాహ్నం రెండు గంటలు బాపు తడి తువ్వాల ఛాతీ మీద వేసుకొని పన్నడు, నాకు భయమైంది. ముసలోళ్ళతోని పోతే అడ్వాన్స్ ఇచ్చేముందు జనరేటర్ ఉన్నదా అని ఖచ్చితంగ అడుగుండ్రి.

గురువారం పొద్దున గేటు కాడ ఫోన్లు లోపలికి తేవద్దన్నరు, కోర్‌ల మొబైల్ నిషేధం. కెమెరా ఉంటే తీస్కపోవచ్చు, మాకు లేకుండె. మా పిల్లగాడు ముందు మొఖం ముడుచుకున్నడు కానీ పది నిమిషాలల్ల మర్చిపోయి చెట్లు లెక్కపెట్టుడు మొదలు పెట్టిండు. పొద్దుగాల ఆ గాలి ఎంత సల్లగ ఉండెనో. టేకు మోడులు, వెదురు పొదలు, మధ్యల తెల్లటి బోడ చెట్లు. గైడ్ దాన్ని ఘోస్ట్ ట్రీ అని చూపిస్తే బాపు "ఇది తపసి చెట్టు బిడ్డా, దీని బంక ఏరుకొచ్చి అమ్మేటోళ్ళు" అన్నడు. అప్పటి నుంచి గైడ్ మరాఠీల, బాపు తెలుగుల, నడుమ ఇద్దరికీ కొంచెం కొంచెం హిందీ, ఇగ చూస్కోండ్రి, తెందూ పత్తా (మన తునికాకు) కట్టకు ఎన్ని ఆకులు, కల్లంల ఎన్ని రోజులు ఎండాలె, అంతా మాట్లాడుకున్నరు. తాడోబా చెరువు కాడ తారు అనే గోండు పెద్ద పులితోని కొట్లాడి చనిపోయిండని, ఆయన పేరు మీదనే తాడోబా అయిందని, ఒడ్డున ఆయన గుడి ఉన్నదని చెప్తే బాపు మన సమ్మక్క లెక్కనే అనుకుంట జిప్సీల నుంచే దండం పెట్టిండు. ఆ పూట రేచుకుక్కల గుంపు, అడవిదున్నలు, చెరువు ఒడ్డున మొసలి కనబడ్డయ్, పులి కనబడలె.

సాయంత్రం బఫర్‌కు బాపును తీస్కపోవాల్నా వద్దా అని మధ్యాహ్నమంతా నేను, మా ఆయన మాట్లాడుకున్నం. ఎండ దంచుతున్నది. బీపీ మాత్ర వేసుకున్నడు, రెండు గ్లాసుల సల్ల తాగిండు, తువ్వాల తడిపి తలకు చుట్టుకొని మాకంటె ముందే పోయి జిప్సీల కూసున్నడు. సరే, జర ఇబ్బందైనా వెంటనే మలుపుకొస్తనని డ్రైవర్‌తోని మాట తీసుకొని కదిలినం. గంటన్నర దాకా వడగాలి తప్ప ఏం లేదు. తర్వాత ఎక్కడ్నో కొండముచ్చు అరిచింది, ఎంబటే దుప్పి అరిచింది, పులి దగ్గర్ల ఉంటే అవి అట్ల అరుస్తయ్. గైడ్ కంటే ముందు బాపు చెయ్యి ఎత్తి "ఆపు తమ్మీ" అన్నడు. ఇంజన్ ఆపినం.

వెదురు లోపటి నుంచి ఆడపులి వచ్చింది. మా దిక్కు ఒక్కసారి చూసి, కుంట కాడికి పోయి, మెల్లగ వెనక్కి జరుగుకుంట ముందుగాల నడుము నీళ్ళల్ల పెట్టి తర్వాత మొత్తం కూసున్నది. పావుగంట ఉండొచ్చు. దాని డొక్కలు ఎగిరెగిరి పడుతున్నయ్, దానికి కూడ ఎండనే గదా. మావోడు నా చెయ్యి పట్టుకొని ఊపిరి బిగబట్టిండు. నేను పులిని చూసింది కొంచెం, బాపును చూసింది ఎక్కువ. ఆయన తల మీది తువ్వాల తీసి ఒళ్ళో పెట్టుకున్నడు, ఇంటికి పెద్దమనిషి వస్తే తీసినట్టు.

శుక్రవారం పొద్దున ఇంకో సఫారి పెట్టుకోకపోవుడే మంచిదైంది, అందరం అలిసిపోయినం. ఎనిమిదింటి దాకా పండుకొని, చంద్రపూర్‌ల మహాకాళి గుడికి పోయి, గోండు రాజుల కోట దర్వాజ చూసి సాయంత్రం బల్లార్షా స్టేషన్‌కి వచ్చినం. ప్లాట్‌ఫాం మీద బెంచీ దొరకంగనే బాపు తాడ్వాయిల తనతోని కల్లం కాడ పనిచేసిన పాత దోస్తుకు ఫోన్ కలిపిండు. పులి ముచ్చట మొదలు పెట్టి, అవతలాయన ఏమన్నడో ఏమో, "లేదురా, అరవలె, అసలు చప్పుడే చెయ్యలె, నీళ్ళల్ల కూసున్నది" అని అదే మాట మూడుసార్లు చెప్పిండు. రైలు వచ్చే టైం అయితున్నది, నేను సామాను ఎత్తుకొని పక్కన నిలబడ్డ, ఫోన్ పెట్టమని మాత్రం అనలె.